గుమ్మం దాటితే పాయింట్లు: షాపింగ్ రివార్డ్ యాప్‌లు వాడే పద్ధతి

టెక్సాస్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో మా నలుగురికీ కలిపి ఒకటే కారు. శనివారం పొద్దున్నే సామాన్లకు బయల్దేరితే ఒక్క ట్రిప్పులో నాలుగు షాపులు చుట్టేసి రావాలి. ఆ నాలుగు చోట్లా మా రూమ్మేట్ ఒకడు గుమ్మంలోనే ఆగిపోయేవాడు. వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ అడ్డంగా నిలబడి, ఫోన్ ఛాతీ ఎత్తున పట్టుకుని, స్క్రీన్ వైపే చూస్తుండేవాడు. "మీరు పదండ్రా, నాకింకా పడలేదు" అనేవాడు. ఏం పడాలిరా అంటే "కిక్స్" అన్నాడు. ఇదేదో మందు యాప్ అనుకున్నాం. షాపులో అడుగుపెట్టినందుకు ఒక రివార్డ్ యాప్ ఇచ్చే పాయింట్ల పేరు అదని తర్వాత తెలిసింది.

సెమిస్టర్ అయ్యేసరికి వాడు పాతిక డాలర్ల గిఫ్ట్ కార్డు పెట్టి ప్రెషర్ కుక్కర్ కొన్నాడు. ఆ మర్నాడే మిగతా ముగ్గురం యాప్ దించుకున్నాం. అప్పట్నుంచి ఇలాంటివి అరడజను పైనే వాడి చూశాను. కొన్నిటితో లాభపడ్డాను, ఒకదాంట్లో బాగానే మోసపోయాను, రెండిటిని వారం తిరక్కుండా తీసేశాను. కొత్తగా అమెరికా వచ్చిన పిల్లలకీ, ఇంటి సామాన్లు తెచ్చే బాధ్యత మీద పడ్డవాళ్లకీ పనికొస్తుందని మొదట్నుంచి రాస్తున్నాను.

అసలు గుమ్మంలో ఏం జరుగుతుంది

ఇది తెలియకపోతే యాప్ ఎందుకు పాయింట్లు ఇచ్చిందో, ఎందుకు ఇవ్వలేదో ఎప్పటికీ అర్థం కాదు.

చెక్-ఇన్ అనే మాట జనంలోకి వచ్చింది ఫోర్‌స్క్వేర్‌తో. 2009 మార్చిలో ఆస్టిన్‌లో జరిగిన సౌత్ బై సౌత్‌వెస్ట్ అనే టెక్, సంగీత ఉత్సవంలో అది మొదలైంది. ఫలానా కాఫీ షాపులో ఉన్నానని ఫోన్‌లో నొక్కడమే చెక్-ఇన్. అందరికంటే ఎక్కువసార్లు వచ్చి నొక్కినవాడు ఆ షాపుకి మేయర్. 2010లో స్టార్‌బక్స్ తన మేయర్లకి ఫ్రాపుచినో మీద ఒక డాలర్ తగ్గించింది. అదే ఏడాది నవంబరులో ఫేస్‌బుక్ చెక్-ఇన్ ఆఫర్లు పెట్టినప్పుడు, గ్యాప్ కంపెనీ మొదటి 10,000 మందికి జీన్స్ ప్యాంటు ఉచితమని ప్రకటించింది.

షాపులవాళ్లకి ఇందులో ఒక చిక్కు ఉంది. జీపీఎస్‌ని నమ్ముకుంటే పార్కింగ్ లాట్‌లో కారు దిగకుండానే నొక్కేయొచ్చు. మాల్‌లో పక్కపక్కనే ఉన్న రెండు షాపుల్లో మనం ఎందులో ఉన్నామో జీపీఎస్‌కి సరిగా తెలీదు. పైకప్పు కిందకి వెళ్తే సిగ్నలే బలహీనపడుతుంది. మా రూమ్మేట్ వాడిన షాప్‌కిక్ ఈ చిక్కుని శబ్దంతో విడదీసింది. 2010 ఆగస్టులో బెస్ట్ బై, మేసీస్ లాంటి షాపులతో మొదలైన ఆ యాప్ కోసం ద్వారం దగ్గర ఒక చిన్న పెట్టె బిగించేవారు. అందులోంచి మనిషి చెవికి అందనంత సన్నని ధ్వని వస్తూ ఉంటుంది. మనకి వినపడదు గానీ ఫోన్ మైక్ పట్టుకుంటుంది. ధ్వని గోడలు దాటి పోదు కాబట్టి బయట నిలబడి మాయ చేయడం కుదరదు. 2013లో బ్లూటూత్ బీకన్లు, అంటే దగ్గర్లోని ఫోన్లకి బ్లూటూత్ సంకేతం పంపే చిన్న పరికరాలు, కూడా వచ్చాయి. మేసీస్ వాటిని ముందుగా న్యూయార్క్ హెరాల్డ్ స్క్వేర్, శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్ షాపుల్లో పరీక్షించింది.

ఇదే ఉపాయం మన దేశంలోనూ కొన్నాళ్లు నడిచింది. 2017లో గూగుల్ తేజ్ అని వచ్చి తర్వాత గూగుల్ పే అయిన యాప్‌లో, పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లు శబ్దంతోనే ఒకదాన్నొకటి గుర్తుపట్టి డబ్బు పంపుకునేవి.

ముందు లెక్క వేసుకోండి

యాప్ దించే ముందు చేయాల్సిన పని ఇదే. పాయింట్లు ఎప్పుడూ వందల్లో, వేలల్లో ఉంటాయి. అది కావాలనే పెట్టిన ఏర్పాటు. వాటిని డాలర్లలోకి మార్చి చూడనిదే అసలు విలువ బయటపడదు.

షాప్‌కిక్‌లో 250 కిక్స్ ఒక డాలర్. అంటే 500 కిక్స్ పోగైతే రెండు డాలర్ల కార్డు. ఒక షాపులో అడుగు పెట్టినందుకు 50 కిక్స్ పడ్డాయనుకుందాం. మోగిన గంటా, ఎగిరిన రంగు కాగితాలూ చూసి ఏదో వచ్చిందనిపిస్తుంది. తీరా చూస్తే 20 సెంట్లు.

ఇప్పుడు కారు సంగతి చూద్దాం. సొంత కారు వ్యాపారానికి వాడితే మైలుకి ఇంత అని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఏటా ఒక రేటు ప్రకటిస్తుంది. 2025కి అది 70 సెంట్లు. గ్యాస్ (ఇక్కడ పెట్రోలుని అలాగే అంటారు) ఒక్కటే కాదు, టైర్లూ ఇన్సూరెన్సూ అరుగుదలా కలిపిన లెక్క అది. 20 సెంట్ల కోసం దారి మళ్లితే పావు మైలు దాటగానే నష్టం మొదలైనట్టు. గ్యాస్ మాత్రమే లెక్కేసుకున్నా రెండు మైళ్లకి మించి పనికిరాదు.

అందుకే నా పద్ధతి ఒకటే. పాయింట్ల కోసం షాపుకి వెళ్లను, ఎలాగూ వెళ్లే షాపులో పాయింట్లు ఏరుకుంటాను. మా రూమ్మేట్‌కి కుక్కర్ వచ్చింది కూడా ఆ నాలుగు షాపులూ మాకు ఎలాగూ తప్పవు కాబట్టే.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. ఈ డబ్బు యాప్ జేబులోంచి రాదు. గుమ్మంలోకి మనిషిని తెచ్చినందుకు షాపు కడుతుంది, సరుకుని చేతిలోకి తీసుకునేలా చేసినందుకు ఆ సరుకు కంపెనీ కడుతుంది. చేతిలోకి తీసుకున్న వస్తువుని తిరిగి అరలో పెట్టడం ఎంత కష్టమో వాళ్లకి బాగా తెలుసు. 15 కిక్స్ కోసం స్కాన్ చేసిన చాక్లెట్ డబ్బా బండిలో పడిందంటే, ఆరు సెంట్ల కోసం నాలుగు డాలర్లు ఖర్చు పెట్టామన్నమాట.

యాప్ ఎంచుకోవడం

ఇవి మూడు రకాలు. మొదటిది షాప్‌కిక్ తరహా: గుమ్మం దాటినందుకూ, అరల్లో చెప్పిన సరుకు బార్‌కోడ్ స్కాన్ చేసినందుకూ పాయింట్లు. ఏమీ కొనక్కర్లేదు. రెండోది ఫెచ్ తరహా: ఎక్కడ ఏం కొన్నా రశీదు ఫోటో తీసి పంపితే చాలు. మూడోది ఐబోటా తరహా: ఏ సరుకు మీద ఎంత తిరిగి ఇస్తారో యాప్‌లో ముందే చూసి ఎంచుకుని, తర్వాత కొని, రశీదు చూపించాలి. ఇందులో పాయింట్లు ఉండవు, నేరుగా డాలర్లూ సెంట్లే.

కుటుంబంగా ఉండేవాళ్లకి మూడోది ఎక్కువ గిట్టుబాటు. విద్యార్థులకి రెండోది తేలిక, ఎందుకంటే ఇండియన్ గ్రోసరీ షాపు రశీదు కూడా చెల్లుతుంది. మొదటి రకం సరదాగా ఉంటుంది గానీ ఓపిక కావాలి.

ఏదైనా దించే ముందు యాప్ స్టోర్‌లో రెండు చూడండి. చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది, గత నెల రోజుల్లో జనం ఏం రాశారు. నక్షత్రాల సగటు చూసి మోసపోవద్దు, అది ఏళ్ల నాటి పుణ్యం కావచ్చు. ఈ రంగంలో యాప్‌లు చేతులు మారుతుంటాయి, మూతపడుతుంటాయి. షాప్‌కిక్‌నే 2014లో కొరియాకి చెందిన ఎస్‌కే ప్లానెట్ కొంది, 2019లో అది ట్రాక్స్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. చెక్-ఇన్‌ని జనంలోకి తెచ్చిన ఫోర్‌స్క్వేర్ కూడా తన సిటీ గైడ్ యాప్‌ని 2024 డిసెంబరులో మూసేసింది. ఇటీవలి రివ్యూల్లో "గిఫ్ట్ కార్డు రాలేదు" అని వరసగా కనిపిస్తే ఆ యాప్ జోలికి పోకండి.

అకౌంట్, పర్మిషన్లు

వీటి కోసం విడిగా ఒక ఈమెయిల్ తెరవండి. బ్యాంకు, వీసా, యూనివర్సిటీ ఉత్తరాలు వచ్చే ఐడీ ఇవ్వకండి. ఫెచ్ లాంటి యాప్‌లు "మీ మెయిల్ కలిపితే ఆన్‌లైన్ కొనుగోళ్ల రశీదులు మేమే వెతుక్కుంటాం" అంటాయి. సౌకర్యమే. కానీ ఇన్‌బాక్స్ తాళం చెవి చేతిలో పెట్టినట్టే కాబట్టి, ఆన్‌లైన్ షాపింగ్‌కి వాడే విడి మెయిల్ ఉంటేనే కలపండి.

లొకేషన్ అడిగినప్పుడు "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నది ఎంచుకోండి. "ఎప్పుడూ" అన్నది ఇస్తే మీరు గుడికి వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లినా ఆ యాప్‌కి తెలుస్తుంది. ఎప్పుడూ ఇస్తేనే పాయింట్లు ఎక్కువని ఊరిస్తారు, ఊరించనివ్వండి. ఐఫోన్‌లో అయితే కచ్చితమైన లొకేషన్ అనే మీట విడిగా ఉంటుంది. చెక్-ఇన్ యాప్‌లకి అది ఉండాలి, రశీదు యాప్‌లకి అక్కర్లేదు.

మైక్ దగ్గర చాలామంది టెన్షన్ పడతారు. గుమ్మంలో ధ్వని వినే యాప్‌కి మైక్ ఇవ్వక తప్పదు, రశీదు యాప్ అడిగితే మాత్రం అనుమానించాలి. ఆ భయం ఉత్త భయం కాదు. టీవీ ప్రకటనల్లోని వినపడని శబ్దాలని ఫోన్‌తో పసిగట్టే సిల్వర్‌పుష్ అనే కోడ్ వాడుతున్నందుకు, 2016 మార్చిలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ 12 యాప్‌ల తయారీదారులకి హెచ్చరిక లేఖలు పంపింది. ఐఓఎస్ 14 నుంచి మైక్ వాడకంలో ఉంటే తెర పైన నారింజ చుక్క, ఆండ్రాయిడ్ 12 నుంచి ఆకుపచ్చ గుర్తు కనిపిస్తాయి. షాపులోంచి బయటికొచ్చి, యాప్ మూసేశాక కూడా ఆ చుక్క వెలుగుతుంటే పర్మిషన్ తీసేయండి.

బయల్దేరే ముందు, ఇంట్లోనే

ఐబోటా తరహా యాప్‌తో కొత్తవాళ్లు చేసే తప్పు, కొనేసి వచ్చాక ఆఫర్ వెతకడం. ముందే ఎంచుకుని ఉండటమే మంచిది. నేను కాగితం మీద సామాన్ల చిట్టీ రాసుకుని, ఆ తర్వాతే యాప్ తెరుస్తాను. ముందు యాప్ తెరిస్తే చిట్టీ వాళ్లు రాస్తారు.

ఆఫర్ నొక్కి లోపలి షరతులు చదవండి. పాలు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, లోపల ఫలానా బ్రాండు, ఫలానా సైజు, రెండు కొంటేనే అని ఉంటుంది. పెరుగు విషయంలో నేను మూడుసార్లు దెబ్బతిన్నాను. మనకి కావాల్సింది పెద్ద డబ్బా ప్లెయిన్ పెరుగు, ఆఫర్ ఉండేది చిన్న కప్పు స్ట్రాబెర్రీ పెరుగు మీద. "ఏ బ్రాండైనా సరే" అనే ఆఫర్లు అప్పుడప్పుడు వస్తాయి, ఉల్లిపాయలు, అరటిపళ్ల మీద కూడా. అవే మనకి నిజంగా పనికొచ్చేవి.

షాపులో

గుమ్మం దగ్గరికి వెళ్లే ముందే యాప్ తెరిచి పెట్టుకోండి, బ్లూటూత్ ఆన్ చేయండి. ఫోన్ జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో ఉంటే మైక్‌కి ధ్వని అందదు. చేతిలో పట్టుకుని మామూలుగా నడవండి. మా వాడిలా దారికి అడ్డంగా నిలబడక్కర్లేదు, నాలుగడుగులు లోపలికి వేసి పక్కకి జరిగితే చాలు. పది సెకన్లలో పడకపోతే యాప్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. అప్పటికీ పడకపోతే షాపు వైఫైలో ఫోన్ ఇరుక్కుందేమో చూసి, వైఫై ఆపేసి మొబైల్ డేటాతో ప్రయత్నించండి. పెద్ద షాపుల వైఫై షరతులకి ఒప్పుకోమని ఒక పేజీ చూపించి అక్కడే ఆగిపోతుంది, మనకి నెట్ ఉన్నట్టే కనిపిస్తుంది.

స్కానింగ్‌కి కొంచెం మర్యాద కావాలి. ఒకసారి సౌందర్య సాధనాల వరుసలో ఒక్కో డబ్బా తీసి, వెనక్కి తిప్పి, ఫోన్ చూపించి, మళ్లీ పెట్టేస్తూ పోతున్నాను. ఐదో డబ్బా దగ్గర ఒక ఉద్యోగి వచ్చి ఏమైనా సాయం కావాలా అని నవ్వుతూ అడిగింది. ఆ నవ్వుకి అర్థం నాకు తెలుసు. స్క్రీన్ చూపించి ఇదీ సంగతని చెప్పాను. "ఓ, అదా" అని వెళ్లిపోయింది. అలాంటప్పుడు ఫోన్ దాచేసి కంగారు పడటమే తప్పు. సరుకుని వీలైతే అరలో ఉండగానే స్కాన్ చేయండి, తీస్తే తీసిన చోటే పెట్టండి, సాయంత్రం రద్దీ వేళ వద్దు.

రశీదు

డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రశీదు కాగితం థర్మల్ కాగితం, సిరా ఉండదు, వేడికి నల్లబడుతుంది. ఒక జులైలో తొంభై డాలర్ల రశీదు కారు డాష్‌బోర్డు మీద పెట్టి మర్చిపోయాను. సాయంత్రం వచ్చి చూస్తే కాగితం మొత్తం బూడిద రంగు, అక్షరాలు మిణుకు మిణుకుమంటున్నాయి. నాలుగు డాలర్ల డెబ్బై సెంట్లు హుళక్కి. అప్పట్నుంచి కారులో కూర్చోగానే, ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఫోటో తీసేస్తాను.

ఒడిలో పెట్టుకుని తీస్తే వేళ్లూ మడతలూ పడతాయి. కాగితాన్ని తొడ మీద సాగదీసి, ముదురు రంగు బ్యాగు మీద పరచండి. తెల్ల కాగితం అంచులు కెమెరాకి తేలిగ్గా దొరుకుతాయి. షాపు పేరు, తేదీ, టైము, ప్రతి సరుకు వరుస, మొత్తం కనపడాలి. పొడుగాటి రశీదైతే యాప్‌లోనే రెండు మూడు ముక్కలుగా తీసే వీలు ఉంటుంది. ఒక ముక్క చివరి వరుస, తర్వాతి ముక్క మొదటి వరుస ఒకటే అయ్యేలా తీయండి. మధ్యలో వరుస తప్పితే ఆ సరుకు పోయినట్టే.

గడువు ఉంటుంది. ఫెచ్‌లో రెండు వారాలు దాటిన రశీదు చెల్లదు. ఒకే రశీదుని ఫెచ్‌కీ ఐబోటాకీ కూడా పంపొచ్చు, అవి వేర్వేరు కంపెనీలు. అదే రశీదుని ఇంట్లో ఇద్దరి అకౌంట్లలో ఒకే యాప్‌కి పంపితే మాత్రం దొరికిపోతారు. పార్కింగ్ లాట్‌లో పడి ఉన్న ఊరివాళ్ల రశీదులు ఏరి పంపేవాళ్లనీ చూశాను. అకౌంట్ మూసేస్తారు, ఉన్న పాయింట్లు కూడా పోతాయి. కొని, డబ్బు తీసుకుని, సరుకు వాపసు ఇచ్చేవాళ్ల సంగతీ అంతే.

పంపాక ఏ సరుకుకి ఎంత పడిందో సరిచూసుకోండి. పడకపోతే యాప్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. సరుకు బార్‌కోడ్ ఫోటో అడుగుతారు, కాబట్టి లెక్క తేలేదాకా ఖాళీ డబ్బా చెత్తబుట్టలో వేయకండి. మా ఆవిడ ఈ ముక్క చదివితే వంటింట్లో కిటికీ పక్కన పేరుకున్న డబ్బాల సంగతి ఎత్తుతుంది.

పాయింట్లని డబ్బు చేసుకోవడం

దాచుకోకండి. బ్యాంకులో వేసిన డబ్బు కాదిది, వడ్డీ రాదు, పైగా మురిగిపోతుంది. ఒక యాప్‌లో పద్దెనిమిది డాలర్ల దాకా కూడబెట్టాను. దీపావళికి అమ్మకి ఏదైనా పంపుదామని ఆగాను. ఈలోగా ఇండియా వెళ్లి, వచ్చాక చదువు చివర, ఉద్యోగాల వేట. ఆరు నెలల తర్వాత తెరిస్తే సున్నా. వాడకుండా ఉంచితే గడువు తీరుతుందని షరతుల్లో ఉందట, నేనే చదవలేదు. ఫోన్ క్యాలెండర్‌లో మూడు నెలలకోసారి గుర్తు పెట్టుకోండి.

కనీస మొత్తం చేరగానే తీసేయండి. ఐబోటాలో 20 డాలర్లు నిండాలి, నెలకి రెండు మూడు డాలర్లు వచ్చే ఒంటరివాళ్లకి దానికే ఏడు నుంచి పది నెలలు పడుతుంది. ఆ ఓపిక లేదనుకుంటే కనీస మొత్తం తక్కువున్న యాప్‌తోనే మొదలెట్టండి. గిఫ్ట్ కార్డు ఎంచుకునేటప్పుడు రోజూ వెళ్లే షాపుదో, గ్యాస్ కార్డో తీసుకోండి. ఎప్పుడూ వెళ్లని బట్టల షాపు కార్డు తీసుకుంటే, పది డాలర్ల కార్డు మిమ్మల్ని నలభై డాలర్ల బిల్లు దగ్గర నిలబెడుతుంది.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) పిల్లలకి, పన్నుల గురించి

కొన్నదాని మీద తిరిగి వచ్చే డబ్బుని సాధారణంగా ధరలో తగ్గింపుగానే చూస్తారు, ఆదాయంగా కాదు. కొనకుండా వచ్చినవి, ముఖ్యంగా స్నేహితుణ్ని చేర్చినందుకు ఇచ్చే బోనస్ లాంటివి, ఆదాయం కిందికి రావచ్చు. అవి పెద్ద మొత్తమైతే ట్యాక్స్ వేసేవాళ్లకి చెప్పండి.

వీసా మాట ఇంకా ముఖ్యం. పాయింట్లిచ్చే యాప్ వేరు, పనికి డబ్బిచ్చే యాప్ వేరు. ఫీల్డ్ ఏజెంట్ లాంటివి షాపుకి పంపి, అరల ఫోటోలు తీయించి, ధరలు రాయించి, పనికి ఇంత అని చెల్లిస్తాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ రెండోది పని. అనుమతి లేకుండా పని చేస్తే ఎఫ్-1 స్టేటస్‌కే ఎసరు. ఆరు డాలర్ల కోసం ఆ గొడవ ఎందుకు, అనుమానం ఉంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓని అడిగాకే ముట్టుకోండి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక్క మాట

బిల్లు ఫోటోకి పాయింట్లిచ్చే యాప్ ఏదైనా వాడితే, పైన రశీదుల గురించి చెప్పిన జాగ్రత్తలు దానికీ వర్తిస్తాయి. కానీ వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో "షాపులకి, హోటళ్లకి రేటింగ్ ఇవ్వండి, ఒక్కోదానికి 150 రూపాయలు" అని వచ్చే మెసేజ్ మాత్రం వీటిలో ఏ రకమూ కాదు. మొదట రెండు మూడుసార్లు నిజంగానే డబ్బు వేస్తారు. తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అంటూ మన దగ్గరే కట్టించుకుంటారు. రివార్డ్ యాప్ ఏదైనా సరే, మన చేతి నుంచి రూపాయి అడిగిందంటే అక్కడితో ఆపేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వదిలేయాలనుకుంటే

యాప్ తీసేస్తే అకౌంట్ పోదు, మీ రశీదులూ తిరిగిన చోట్ల వివరాలూ వాళ్ల దగ్గరే ఉంటాయి. ముందు ఉన్న బ్యాలెన్స్ కార్డుగా మార్చుకోండి. తర్వాత ప్రొఫైల్‌లో అకౌంట్ డిలీట్ అనేది వెతకండి, అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కలిపి ఉంచిన మెయిల్, షాపు లాయల్టీ కార్డులు విడదీయండి. కాలిఫోర్నియాలో ఉంటే మీ సమాచారం చెరిపేయమని అడిగే హక్కు 2020 నుంచి చట్టంలోనే ఉంది, మెయిల్‌లో ఆ మాట రాయండి. డిలీట్ అయిందని జవాబు వచ్చాకే ఫోన్‌లోంచి తీసేయండి.